పసుపు కంబం

పొద్దున ఇల్లు ఊడుస్తూ ఊడుస్తూ, నడుము పట్టేసి హనుమమ్మ కాసేపు కంబాన్ని పట్టుకుని నిలబడింది. కంబం కదిలింది.

తనకే కళ్ళు తిరిగాయనుకుంది. ముసురు పట్టిన నాటి నుంచి పొయ్యి సరిగా రాజక, కడుపునిండా తిన్న పూట లేదు. చీపురు కింద పడేసి, రెండు చేతులతో కంబాన్ని మెల్లగా నెట్టి చూసింది. ఈసారి అనుమానం లేదు. ఒక మనిషి కౌగిలికి సరిపోయే నల్లమద్ది కంబం పాలపన్ను ఊగినట్టు ఊగింది.

"ఏందే, కంబాన్ని గట్ల ఊపుతున్నవ్? సింతకాయలు రాలుతయనుకున్నవా?" అంది అత్త నర్సింగమ్మ, నడిమి గోడ వారన పరుచుకున్న గొంగడి మీద నుంచి.

"ఏం లేదత్తా."

నోరు ఏం లేదంది గాని, తల ఎత్తి చూసింది. కంబం తల మీది అడ్డచెక్కకూ, దాని మీద ఆనాల్సిన పెద్ద దూలానికీ మధ్య వేలు పట్టేంత సందు ఉంది. ఆ సందులోంచి, జల్లెడలోంచి పిండి రాలినట్టు సన్నగా మన్ను రాలుతోంది.

ఇన్నేళ్లూ ఇంటి బరువు మోసిన కంబం ఇప్పుడు ఏమీ మోయడం లేదు. మరి ఆ బరువంతా ఎక్కడికి పోయినట్టు?

కోస్గి సంతకు గంప నెత్తిన పెట్టుకుని పోయి, పొద్దుగూకే లోపల తిరిగి రాగలిగినంత దూరంలో ఉంది ఆ ఊరు. ఆ ఇల్లు కట్టినవాడు మారయ్య అట. ఎన్ని తరాల కిందో నర్సింగమ్మకు కూడా లెక్క దొరకదు. అమ్రాబాదు అడవుల నుంచి నల్లమద్ది మాన్లు బండ్ల మీద తోలుకొచ్చాడట. ముందు రెండు కంబాలు నిలబెట్టి, వాటి మీద ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే మానును దూలంగా ఎక్కించాడు. దూలానికి అడ్డంగా దంతెలు పేర్చి, వాటి మీద కట్టెపుల్లలూ, వాయిలాకూ పరిచి, మన్ను మెత్తి మిద్దె చేశాడు. ఇల్లు నిలబడ్డాక తీరుబడిగా చుట్టూ గోడలు పెట్టుకున్నాడు.

అందుకే ఆ ఇంట్లో గోడలకు పెద్ద విలువ లేదు. తరానికొకరు కూల్చారు, తరానికొకరు కట్టారు. మొదట మనుషులూ ఎడ్లూ ఒక్క కప్పు కిందనే ఉండేవారట. ఒక తాత ఎడ్లను బయటి కొట్టానికి పంపి ఆ జాగాను వంటిల్లు చేశాడు. ఇంకొకాయన ముందటి వసారాను మూసి పడుకోవడానికి అర్ర కట్టించాడు. రజాకార్ల గడబిడలో హనుమమ్మ మామ కిటికీలన్నీ పచ్చి ఇటుకలతో మూసేసి, గడబిడ అణిగాక రెంటిని తెరిచి, మిగతావి అట్లాగే వదిలేశాడు. ఎవరేం మార్చినా కంబాల జోలికి మాత్రం పోలేదని అందరూ చెప్పుకునేవారు. అందులోనూ తూర్పు కంబం దేవుడి కంబం. పెళ్ళైనా, పురుడైనా మొదటి పసుపు దానికే. తరాల పసుపు పట్టి, ఆడమనిషి చెయ్యి అందే ఎత్తు వరకు దాని నలుపే కనిపించదు.

చివరగా ఆ ఇంటిని మార్చినవాడు హనుమమ్మ మరిది లింగస్వామి. అన్న పోయిన మరుసటేడే పంచుకుందామన్నాడు. పెద్దమనుషులు కూచున్నారు. రెండు కంబాల నడుమ పచ్చి ఇటుకల గోడ లేచింది. తూర్పు సగం హనుమమ్మకు, పడమటి సగం లింగస్వామికి. దూలం మాత్రం ఆ గోడ నెత్తి మీదుగా ఇటు నుంచి అటు పోయింది. దాన్ని పంచడం పెద్దమనుషుల తరం కాలేదు. లింగస్వామి తన సగానికి తాళం వేసి, కొత్తకోటకు పోయి పెద్దరోడ్డు మీద సైకిళ్ల దుకాణం పెట్టుకున్నాడు.

పోయే ముందు పంచాయితీలో ఒక మాట కట్టించాడు. ఒకరి తాళం ఇంకొకరు ముట్టొద్దు. ముట్టినవాళ్లకు ఆ ఇంట్లో హక్కు పోతుంది. హనుమమ్మ కూడా సరేనని తల ఊపింది. ఉన్న ఒక్క బిడ్డ అత్తగారింట్లో కాపురం చేసుకుంటోంది. తనకు ఆ సగం ఇల్లు తప్ప తల దాచుకునే చోటు లేదు. మరిది తాళంతో నాకేం పని అనుకుంది అప్పుడు.

ఇప్పుడు తల ఎత్తి చూస్తుంటే పని ఏమిటో తెలిసివస్తోంది. దూలం అటువైపు కుంగుతోంది. నడిమి గోడ మీద ఆని, త్రాసు కాడ లేచినట్టు ఇటువైపు లేస్తోంది. నిన్న సాయంత్రం ఫట్‌మని చప్పుడైనప్పుడే ఏదో అనుమానం తగిలి, బస్సుకు పోయే మనిషితో మరిదికి కబురు పంపింది. వాగు పొంగితే బస్సే రాదు, ఇక కబురేం అందుతుంది!

నడిమి గోడ మీద చెయ్యి పెట్టి చూసింది. గోడ నిండు కడుపులాగా ఇటు ఉబ్బి ఉంది. దాని కిందనే అత్త.

"అత్తా, లే. జర కొట్టంలకు పోదాం."

"గీ వానల నన్ను బర్రె కాడ పండవెడ్తవా? నేను రాను. గోడకవతల నా చిన్నోని జాగ, ఇవతల నా పెద్దోని జాగ. నేను నడుమనే పంట."

హనుమమ్మ గొంగడి కొసలు రెండూ పట్టుకుని, అత్తను గొంగడితో సహా ఈడ్చుకుపోయింది.

"ఓ అవ్వో! శవాన్ని ఈడ్చినట్టు ఈడుస్తున్నవేందే!"

"శవం గావద్దనే ఈడుస్తున్న. గమ్మునుండు."

అత్తను కొట్టంలో పొడి చొప్ప మీద కూచోబెట్టి, ఎదురింటి కాటమయ్యను పిలుచుకొచ్చింది. ఆనాడు పంపకాలు చేసిన పెద్దమనుషుల్లో ఈ ఊళ్లో మిగిలింది ఆయనొక్కడే. ఆయన గొంగడి కప్పుకునే లోపలికొచ్చి, కంబాన్ని కదిపి చూశాడు. ఉబ్బిన గోడను చూశాడు. బయటికొచ్చి లింగస్వామి తలుపు సందులోంచి లోపలికి తొంగి చూశాడు. చీకటి తప్ప ఏమీ కనిపించలేదు గాని, నీళ్లు పడుతున్న చప్పుడు ఇద్దరికీ వినిపించింది.

"లింగస్వామి రావాలె. తాళం ఆయనే తియ్యాలె," అన్నాడు కాటమయ్య.

"ఆయనొచ్చేదాక దూలం ఆగుతదా మామా?"

"ఆగుతదో ఆగదో దూలాన్నడుగు. నన్నడిగితె మాట ఒక్కటే. ఆ మాటకు నువ్వు గూడ ఒప్పుకున్నవు గద కోడలా."

"ఇల్లు కూలినంక మాట పట్టుకొని ఏం జేసుకోవాలె?"

"తాళం ముడితె ఇల్లు నిలబడ్డా నీది గాదు. కూలితె కూలిన జాగన్న నీదుంటది. ఆలోచించుకో."

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. అదే ఆమెను మండించింది.

తాళం ముట్టకుండా చేయగలిగింది ఒక్కటే ఉంది. మిద్దె ఎక్కి చూడటం. కప్పు ఇద్దరిదీ కలిసే ఉంది. దాని మీద తాళం లేదు. మనిషిని పంపి బిక్షమ్మనూ, ఆమె మొగుడు కురుమయ్యనూ పిలిపించింది. ఏటా వానలకు ముందు ఊరి బయటి నుంచి చౌడు మన్ను గంపలతో తెచ్చి, మిద్దె మీద పోసి తొక్కేది వాళ్ళే. తడిస్తే జిగటగా అతుక్కుపోయి నీటి చుక్కను కిందికి దిగనివ్వని మన్ను అది.

"గీ వానల సౌడు పోస్తమా అక్కా? నీకేమన్న పుట్టిందా?" అంటూనే బిక్షమ్మ పైట నడుముకు దోపి నిచ్చెన ఎక్కింది. వెనక హనుమమ్మ ఎక్కింది.

పైకెక్కి హనుమమ్మ నిలువునా నిలబడిపోయింది.

మిద్దె మీద పడమటి సగం చెరువులా నిండి ఉంది. వాన చినుకులు దాని మీద తాంబాళాలు తాంబాళాలుగా విచ్చుకుంటున్నాయి.

"వరిమడి లెక్కున్నది గదక్కా! నాటేస్తె పండుతది," అని బిక్షమ్మ నవ్వబోయి, హనుమమ్మ మొహం చూసి ఆగిపోయింది.

నీళ్లు ఎందుకు నిలిచాయో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ మిద్దె వాలు మొదటి నుంచి పడమటి నుంచి తూర్పుకు. నీళ్లు పారిపోయే రాతి తూములు హనుమమ్మ వాకిట్లోకి ఉన్నాయి. మామ బతికున్నప్పుడు ఏటా పాత చౌడును పారతో గీకించి, తర్వాతే కొత్తది పోయించేవాడు. గీకడం మొగవాళ్ల పని. మొగవాళ్లు పోయాక హనుమమ్మ గీకించడం మానేసింది. పాతది ఉంటే మందం పెరిగి మరింత గట్టిగా ఉంటుందిలే అనుకుంది. ఏడాదికొక పొర. ఎక్కడైనా చెమ్మ కనిపిస్తే అక్కడ ఇంకో రెండు గంపలు. మరిది ఒక్క గంప చౌడైనా పోయించడు, వాడి సగం వాడి ఖర్మ, నా సగం నేను కాపాడుకుంటానని ఊరందరికీ చెప్పుకుంది. అట్లా కాపాడుకుంటూ కాపాడుకుంటూ వాలునే తిప్పేసింది. తూర్పు సగం ఇప్పుడు మూరెడు ఎత్తున గట్టు కట్టినట్టుంది. ఆ గట్టు ఆపిన నీళ్లే నాలుగేళ్లుగా మరిది ఇంట్లోకి దిగుతున్నాయి.

"పార ఇటియ్యి," అంది హనుమమ్మ.

"ఏం జేస్తవు?"

"నా దిక్కు సౌడు తవ్వాలె. తూముల దాక కాలువ తియ్యి. ఎనుక మొత్తం తోడి కింద పారెయ్యాలె."

"వాన పడంగనా? నెత్తి మీది కప్పు నువ్వే పీకుకుంటవా?"

"కురిస్తె కురువనీ. బరువు దిగాలె ముందు."

ఇద్దరూ పారలు దింపారు. ఏ చేతులతో పోశారో అవే చేతులతో తవ్వారు. తడిసిన చౌడు పారకు అంటుకుని రాదు, గంపకు అంటుకుని జారదు. కాలువ తూము దాకా తెగేసరికి, మడికి గండి పడ్డట్టు నీళ్లు ఒక్కసారి దూకాయి. కింద వాకిట్లో నిలబడ్డ కాటమయ్య గొంగడితో సహా పక్కకు గెంతాడు. నీళ్లు పోతున్నకొద్దీ గంపల కొద్దీ చౌడు కిందికి పడింది. వాకిట్లో గుట్ట లేచింది. హనుమమ్మ అరచేతులు చిట్లాయి.

అప్పుడు వినిపించింది. కాళ్ల కింద, లోతున, ఎద్దు మూలిగినట్టు దూలం మూలిగింది. ఆ వెంటనే లోపల ఏదో పెద్దగా విరిగింది.

"దిగు! దిగు!" అని కింద నుంచి కురుమయ్య అరిచాడు.

నిచ్చెన దిగేసరికి కురుమయ్య గడ్డపార పట్టుకుని లింగస్వామి తలుపు ముందు నిలబడి ఉన్నాడు. ఆమె వైపు చూస్తున్నాడు. కొట్టమంటే కొడతాడు.

"నువ్వు కొట్టకు. రేపు నీ మీదికొస్తది. ఇటియ్యి," అని హనుమమ్మ గడ్డపార అందుకుంది.

"హనుమా!" అన్నాడు కాటమయ్య.

"నువ్వు సూడనే సూస్తున్నవు గద మామా. రేపు అడిగితె, నేనే కొట్టిననని చెప్పు."

గడ్డపార మొనను గొళ్ళెం కిందికి దూర్చి, ఒళ్ళంతా దాని మీద వేసింది. వానకు నానిన చెక్క. గొళ్ళెం మేకులతో సహా ఊడి వచ్చేసింది. దానికి వేలాడుతున్న తాళం మాత్రం వేసింది వేసినట్టే ఉంది.

లోపల మురిగిన ఆకు వాసన. వెలుతురు పడగానే పడమటి కంబం కనిపించింది. దాని అడుగు మూరెడు మేర చెదలు తిని, నీళ్లు నాని, చెరుకు పిప్పిలా అయిపోయింది. కింది రాయి మీద నుంచి సగం జారి, పక్కకు ఒరిగి ఉంది. దాని పక్కన విరిగిన దంతె ఒకటి నేల మీద పడి ఉంది. దూలం ఆ ఒరిగిన కంబం మీద, ఉబ్బిన గోడ మీద ఆని, ఎటు పోవాలో తేల్చుకోలేనట్టు ఆగి ఉంది.

కురుమయ్య గడప అవతలే ఆగిపోయాడు. "అక్కా, నేను లోపటికి రావచ్చునా?"

ఏటా ఆ ఇంటి నెత్తి మీద తిరిగిన మనిషి ఏనాడూ ఆ ఇంటి లోపలికి రాలేదు. కాటమయ్య దగ్గి ఏదో అనబోయాడు. హనుమమ్మ ఆయన వైపు చూడకుండానే, "రా. జల్ది రా. అటు దిక్కు పట్టిచూడు," అంది.

కురుమయ్య లోపలికొచ్చి కంబం చుట్టూ తిరిగాడు. "దీని పక్కన ఇంకోటి పెట్టి ఆపాలె. గని గింత పొడుగుది, గింత బరువాపేది ఊర్ల ఏడ దొరుకుతది? తాటిమొద్దులు పనికిరావు."

ఏడ దొరుకుతుందో హనుమమ్మకు అప్పటికే తెలుసు. గోడ నుంచి ఒక ఇటుక రాలి నేల మీద పగిలింది.

"నా దిక్కు కంబం ఊకెనే నిలబడ్డది. దాన్ని తీసుకొద్దాం," అంది.

"దేవుని కంబమా?" కాటమయ్య గొంతు లేచింది. "తరతరాల సంది ఎవ్వలు ముట్టంది, నువ్వు ముడ్తవా? ఇల్లు కూలితె కట్టుకుంటరు. దేవుడలిగితె ఎవలు కట్టుకుంటరు?"

"ఎవ్వలు ముట్టలేదన్నదెవలు?"

అందరూ తిరిగి చూశారు. నర్సింగమ్మ కట్టె ఊతతో వానలో తడుస్తూ కొట్టం నుంచి వచ్చి నిలబడింది.

"నేను కొత్తగ కాపురానికొచ్చిననాడు మా మామ జొన్నల గుమ్మి చెయ్యించిండు. అది నడింట్ల పడుతలేదు. కంబం అడ్డమొస్తుందని జానెడు జరిపిండు. జరిపి, పసుపు పూసిండు. నువ్వప్పటికి పుట్టనే లేదు కాటమయ్యా. ఆ ఏడు జొన్నలు గుమ్మి పట్టనన్ని పండినయి. దేవుడలిగినట్టున్నదా?"

ముసలామె కోడలి వైపు తిరిగింది. "ఇంట్ల పసుపున్నదానే? తే. మొండిచేతుల్తోని జరుపొద్దు."

పసుపు తడిపి ముసలామె కంబానికి రెండు చేతులా పూసింది. అంతే. మొక్కలేదు, ఏడవలేదు. "కానియ్యి," అంది.

హనుమమ్మ, బిక్షమ్మ ఒక వైపు, కురుమయ్య, కాటమయ్య ఒక వైపు పట్టారు. కాటమయ్య గొంగడి తీసి పక్కన పెట్టాడు. కంబం కింది రాయి మీద నుంచి లేచేటప్పుడు నలుగురూ ఒకేసారి దూలం వైపు చూశారు. ఇప్పుడు తూర్పు సగానికి ఉబ్బిన పచ్చిగోడ తప్ప ఆసరా లేదు. దూలం కదల్లేదు. కంబాన్ని వాల్చి, తలుపులోంచి బయటికి, వానలోకి మోసుకొచ్చారు. కొత్త పసుపు కరిగి వాకిట్లో పచ్చగా పారింది. బరువుకు బిక్షమ్మ కాలు జారితే, ఊపిరి తీసుకోవడానికి ఒక్క క్షణం కింద దించారు.

సరిగ్గా అప్పుడే లింగస్వామి వచ్చాడు. మోకాళ్ల దాకా బురద, చెప్పులు చేతిలో ఉన్నాయి. వాగు దాటి నడిచొచ్చినట్టున్నాడు. ఊడిన గొళ్ళెం చూశాడు. వాకిట్లో పడుకోబెట్టిన దేవుడి కంబాన్ని చూశాడు. తన గడపలో నిలబడ్డ కురుమయ్యను చూశాడు.

"ఏం జేస్తున్నవ్ వదినె? నేను లేనని నా ఇల్లు పీకుతున్నవా?"

"నీది గాదు. నాది పీకుతున్న. నీ దాంట్ల పెట్టనీకె."

"తాళం?"

"నేనే పలగొట్టిన."

లింగస్వామి మొహం ఎర్రబడింది. "అయితె ఇగ నీకు ఈ ఇంట్ల ఏం లేదు. మామా, నువ్వు సాచ్చెం. మాట నీ ముందట్నే అయింది."

"అయింది," అన్నాడు కాటమయ్య, కంబం కొస వదలకుండానే.

"హక్కు సంగతి ఎనుక మాట్లాడుకుందురు గని," అంది హనుమమ్మ. "లోపట సూడు ముందు. సూసి, నిలబడి మాట్లాడెటట్టుంటె మాట్లాడు."

లింగస్వామి తలుపులోకి తల పెట్టి చూశాడు. దూలం మళ్ళీ మూలిగింది. గోడ మీద నుంచి రెండు ఇటుకలు రాలాయి. అతను వెనక్కి తిరిగేసరికి మొహంలో ఎరుపు లేదు. చెప్పులు విసిరేసి కంబం కిందికి భుజం పెట్టాడు.

దూలం కిందికి దిగి ఉండటంతో కంబం నిటారుగా నిలవలేదు. ఏటవాలుగా దూర్చి, తలను దూలానికి ఆనించి, అడుగును సమ్మెటతో కొట్టి కొట్టి నిలువుకు తేవాలి. నిలువుకు వచ్చేకొద్దీ అది దూలాన్ని పైకెత్తాలి. ఎత్తలేకపోతే జారి మీద పడుతుంది. లింగస్వామీ, కాటమయ్యా భుజాలతో ఆనించి పట్టారు. కురుమయ్య సమ్మెట ఎత్తాడు. హనుమమ్మ గోడ దగ్గర నిలబడి దూలాన్నే చూస్తోంది. అది దిగితే అరవాలి. అరిస్తే అందరూ ఉరకాలి.

"కొట్టు!"

దెబ్బ పడ్డప్పుడల్లా పైనుంచి మన్ను కళ్లలో పడుతోంది. కంబం అడుగు వేలెడు జరిగింది. దూలం కిర్రుమంది. ఇంకొంచెం జరిగింది. లింగస్వామి మెడ నరాలు ఉబ్బాయి. ఒక దెబ్బకు కంబం తల పక్కకు జారబోయింది. "ఆగు! ఆగు! నా దిక్కు పోతాంది!" అని అతను అరిచాడు. హనుమమ్మ పరుగున పోయి తను కూడా భుజం పెట్టింది. వదినా మరుదుల తలలు ఒకదానికొకటి తగిలేంత దగ్గరగా ఉన్నాయి.

"కొట్టు," అంది ఆమె.

కురుమయ్య కొట్టాడు. కంబం నిలువుకొచ్చింది. దాని అడుగు సందులో చండ్ర కట్టెతో చెక్కిన చీల పెట్టి బిగించాడు. సమ్మెట దించాడు. దూలం మూలగలేదు. పైన తీసేసిన కప్పులోంచి తూర్పు సగంలోకి వాన ధారగా పడుతున్న చప్పుడే వినిపించింది.

కాటమయ్య, కురుమయ్య బయటికి పోయారు. లింగస్వామి కంబానికి వీపు ఆనించి కూలబడ్డాడు. చొక్కా నిండా పసుపు.

"నీ ఇంట్లకొచ్చిన నీళ్లు నావే," అంది హనుమమ్మ. "గీకకుండ సౌడు మీద సౌడు పోసిన. నా దిక్కు ఎత్తయి నీ దిక్కు పారినయి. నువ్వు పట్టించుకుంటలేవని ఊరంత తిట్టిన నిన్ను."

లింగస్వామి చెదలు తిన్న పాత కంబాన్ని చేత్తో గీకాడు. పొట్టు రాలింది.

"నిరుడొచ్చినప్పుడే సూసిన వదినె. అడుగుకు సెదలు వట్టింది. నీకు చెప్పలే."

"ఎందుకు?"

"కూలితె జాగ అమ్ముకోవచ్చనుకున్న. నువ్వుండంగ అమ్మనియ్యవు గద." తల ఎత్తలేదు. "అవ్వ గీ గోడ కిందనే పంటదని నాకెర్కలేదు."

హనుమమ్మకు తిట్టాలనిపించింది. తిట్టడానికి ఒంట్లో సత్తువ లేదు. అరచేతుల నుంచి నెత్తురు కారుతోందని అప్పుడే చూసుకుంది.

బయట కాటమయ్య గొంగడి కప్పుకుని ఎదురుచూస్తున్నాడు. పెద్దమనిషి, ఆయన పని ఆయన చెయ్యాలి. "లింగస్వామీ, మరి తాళం సంగతేంది? రేపు పదిమందిని పిలువాల్నా?"

"తాళం నేనే తీసిన," అన్నాడు లింగస్వామి.

"నువ్వా? నువ్వు అప్పటికి వాగు అవతల ఉన్నవు గద!"

"నేనే తీసినంటున్న గద మామా."

"నా కండ్లతోని సూసినరా! గడ్డపారతోని..."

"నా తాళం. నా తలుపు. ఎవలు తీసిన్రో నాకు తెల్వదా, నీకు తెల్వాల్నా?"

కాటమయ్య ఒకసారి హనుమమ్మ వైపు, ఒకసారి లింగస్వామి వైపు చూసి, "మీ ఇంటోళ్ల మాటలు మీకే అర్థమయితయి," అని గొణుక్కుంటూ వానలో ఇంటికి పోయాడు.

ఆ రోజు పొద్దుగూకే దాకా లింగస్వామీ, కురుమయ్యా కలిసి తూర్పు సగం మీద తాటాకులూ గడ్డీ కప్పారు. చాలా చోట్ల కురుస్తూనే ఉంది. హనుమమ్మ ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ కింద పెట్టినా సరిపోలేదు. నడిమి గోడను తాళ్లతో, గుంజలతో ఎగదన్ని నిలబెట్టారు. ఇన్నాళ్లూ ఇద్దరినీ వేరు చేసిన ఆ గోడను, తూర్పు వైపు కొత్త కంబం దొరికేదాకా ఎవరూ కదపడానికి లేదు. ఇప్పుడు ఆ సగం కప్పు దాని మీదనే ఉంది.

మరునాడు వాన తెరిపిచ్చాక లింగస్వామి బయలుదేరాడు. ఊడిన గొళ్ళెంతో సహా తాళాన్ని సంచిలో వేసుకున్నాడు. తలుపును దగ్గరికి వేశాడు, అంతే.

"చండ్ర సీల ఎండితె సడలుతది," అన్నాడు వదిన వైపు చూడకుండా. "పొద్దుకొకపారి కొట్టాలె. లేకుంటె కంబం జారుతది."

"ఎవలు కొట్టాలె?"

"ఇంట్ల ఉన్నోళ్లు కొట్టాలె."

అతను పోయాక హనుమమ్మ బర్రెకు మేత వేసింది. అత్తకు గిన్నెలో జొన్న గట్క పోసింది. తర్వాత కురుమయ్య వదిలిపోయిన సమ్మెట తీసుకుని మరిది గడప ముందుకు వచ్చింది. పెళ్ళైన నాటి నుంచి ఎన్నిసార్లు తిరిగిందో ఆ అర్రలో. నిన్న దూలం కోసం దూరింది తప్ప, నాలుగేళ్లుగా ఆ గడప ముందు నుంచి పోతూ అటు చూడను కూడా చూడలేదు. కాలు ముందుకు పడలేదు. తలుపును వేళ్లతో నెట్టి, లోపలి చీకటికి కళ్లు అలవాటయ్యేదాకా నిలబడి, అప్పుడు లోపలికి పోయింది.

వంగి, చీల మీద ఒక దెబ్బ వేసింది. అది లోపలికి దిగింది.

"సడలిందానే?" అని కొట్టంలోంచి అత్త అరిచింది.

"సడలింది," అంది హనుమమ్మ, ఇంకో దెబ్బకు సమ్మెట ఎత్తుతూ.